మెస్సీయ రాజ్య ప్రవచనాలు: బాపట్ల, తెనాలి, రేపల్లె తీరంలో క్రైస్తవ అవగాహన

నిర్వచనం, పరిధి

హెబ్రీ ప్రవక్తలు ముందుగా చెప్పిన అభిషిక్త రాజు నజరేయుడైన యేసేనని, ఆయన నీతితో ఏలే రాజ్యం ఒకటి ఉందని నమ్మడం క్రైస్తవ విశ్వాసానికి మూలాంశం. ఆ ఏలుబడి ఎప్పుడు మొదలవుతుంది, ఎక్కడ సాగుతుంది, ఎవరి మీద సాగుతుంది అన్న ప్రశ్నలకు సంఘాలు వేర్వేరు జవాబులు ఇచ్చాయి. తెలుగు సంఘాల వాడుకలో ఈ విషయాన్ని ‘రాకడ బోధ’ అనీ, అందులోని ఒక ముఖ్య భాగాన్ని ‘వెయ్యేండ్ల పరిపాలన’ అనీ అంటారు.

ఈ వ్యాసం సూర్యలంక తీరాన్ని, అక్కడికి 9 కిలోమీటర్ల దూరంలోని బాపట్లను, ఉత్తరాన తెనాలిని, కృష్ణా నదికి పడమటి గట్టు సీమ అయిన రేపల్లెను దృష్టిలో పెట్టుకుని రాసింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో రేపల్లె చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. ఈ చిన్న పరిధిలో లూథరన్లు, బాప్టిస్టులు, రక్షణ సైన్యం, కథోలికులు, బ్రదరెన్ ప్రభావం ఉన్న సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు, బైబిల్ మిషన్ పక్కపక్కనే ఉన్నాయి. మెస్సీయ రాజ్యం గురించి ప్రపంచ క్రైస్తవ్యంలో ఉన్న ప్రధాన అభిప్రాయాలన్నిటికీ ఇక్కడ వారసులు దొరుకుతారు. ఒకే వీధిలో ఉన్న రెండు మందిరాల్లో ఒకే అధ్యాయాన్ని రెండు రకాలుగా బోధిస్తే వినేవారు తికమక పడటం సహజం. ఆ తేడా బోధకుల ఇష్టాయిష్టాల నుంచి పుట్టింది కాదు. ప్రతి మిషనూ తన విశ్వాస ప్రమాణాన్ని వెంట తెచ్చుకుంది.

మూల గ్రంథభాగాలు

మెస్సీయ రాజ్య ప్రవచనాలన్నిటికీ పునాది సమూయేలు రెండవ గ్రంథం 7వ అధ్యాయం. దేవునికి మందిరం కట్టాలనుకున్న దావీదుతో, దేవుడే దావీదుకు వంశమనే ఇంటిని కట్టి అతని సింహాసనాన్ని నిత్యంగా నిలుపుతాడని నాతాను ప్రవక్త చెబుతాడు. కీర్తనల్లో 2, 72, 89, 110 అధ్యాయాలు ఈ వాగ్దానం చుట్టూ అల్లుకున్నవే. వీటిలో 72వ కీర్తనకు ప్రత్యేకత ఉంది. రాజు సముద్రం నుంచి సముద్రం వరకు ఏలాలని కోరుతూనే, దీనులకు తీర్పు తీర్చడం, బాధించేవారిని అణచడం, బీదల ప్రాణాన్ని విలువైనదిగా ఎంచడం అతని ఏలుబడికి గుర్తులుగా అది నిలబెడుతుంది. అక్కడ రాజ్య విస్తీర్ణం కంటే న్యాయానికే ఎక్కువ చోటు దక్కింది. రాకడ బోధలో ఈ కీర్తన వినిపించవలసినంతగా వినిపించదు.

క్రీ.పూ. 8వ శతాబ్దపు ప్రవక్త యెషయా గ్రంథంలో 2, 9, 11 అధ్యాయాలు ప్రధానమైనవి. అరాము, ఇశ్రాయేలు రాజులు కలిసి యూదా మీదికి వచ్చినప్పుడు, సుమారు క్రీ.పూ. 735 నాటికి, ఆహాజు రాజు అష్షూరు సాయం కోరాడు. 7 నుంచి 9 వరకు అధ్యాయాలు ఆ భయం నేపథ్యంలో పుట్టాయి. 9వ అధ్యాయంలో పుట్టే శిశువు ఆహాజు కుమారుడైన హిజ్కియా అని యూదు వ్యాఖ్యాతలు చాలామంది అన్నారు. దేవుడు హిజ్కియాను మెస్సీయగా చేయాలనుకున్నాడన్న సంప్రదాయం తల్మూదులోనూ ఉంది. క్రైస్తవులు అది యేసు గురించేనని నమ్ముతారు. ప్రవచనం ముందు ఆనాటి రాజుకు వర్తించి, తరువాత యేసులో సంపూర్ణమైందని చెప్పే మధ్యేమార్గం నేటి వేదాంత కళాశాలల్లో సాధారణం.

యెష్షయి మొద్దు నుంచి చిగురు పుట్టడం, క్రూరమృగాలూ సాధు జంతువులూ కలిసి మేయడం యెషయా 11లోని చిత్రాలు. కత్తులు నాగటి కర్రులయ్యే దృశ్యం యెషయా 2లోనూ మీకా 4లోనూ దాదాపు ఒకే మాటల్లో ఉంది. యిర్మీయా 23, 33 అధ్యాయాలు నీతి చిగురును, యెహెజ్కేలు 34, 37 అధ్యాయాలు కాపరి అయిన దావీదును వాగ్దానం చేస్తాయి. జెకర్యా 9 గాడిదనెక్కి వచ్చే సాత్వికుడైన రాజును చూపుతుంది. దానియేలు 2, 7 అధ్యాయాల్లో లోకరాజ్యాలు ఒకదాని వెంట ఒకటి కూలిపోగా, మనుష్యకుమారుని వంటివానికి నిత్యాధికారం దక్కుతుంది. ఈ గ్రంథం క్రీ.పూ. 6వ శతాబ్దానిదని సంప్రదాయం. నాలుగవ అంతియొకస్ హింసాకాలంలో, సుమారు క్రీ.పూ. 165లో, ఇప్పుడున్న రూపం పొందిందని ఆధునిక పండితుల్లో ఎక్కువమంది భావిస్తారు.

యూదు నిరీక్షణ

క్రీ.పూ. 586లో బబులోనీయుల చేతిలో యెరూషలేము పడిపోయాక దావీదు వంశంలో సింహాసనమెక్కినవారు లేరు. నిత్యమన్న వాగ్దానానికీ ఖాళీ అయిన సింహాసనానికీ మధ్య ఏర్పడిన వెలితిలోనే మెస్సీయ నిరీక్షణ బలపడింది. అది ఒకే రూపంలో లేదు. క్రీ.పూ. 1వ శతాబ్దానికి చెందిన ‘సొలొమోను కీర్తనలు’ 17వ అధ్యాయం పరాయి పాలకులను వెళ్లగొట్టే దావీదు కుమారుణ్ణి కోరుతుంది. కుమ్రాను సమాజం రాసుకున్న చుట్టల్లో యాజకుడైన అభిషిక్తుడు, రాజైన అభిషిక్తుడు అని ఇద్దరు కనిపిస్తారు. క్రీ.శ. 132–135 మధ్య రోమా మీద తిరుగుబాటు చేసిన బర్ కోఖ్‌బాను రబ్బీ అకీబా మెస్సీయగా అంగీకరించాడని సంప్రదాయం. ఆ తిరుగుబాటు ఓటమితో ముగిసింది.

కొత్త నిబంధనలో రాజ్యం

యేసు బోధకు కేంద్రం దేవుని రాజ్యం. అది సమీపించిందని మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే ప్రకటిస్తాడు. లూకా 1లో మరియకు వచ్చిన వార్తలో దావీదు సింహాసనం, అంతం లేని ఏలుబడి నేరుగా ప్రస్తావనకు వస్తాయి. నజరేతు సమాజ మందిరంలో యేసు చదివింది యెషయా 61: బీదలకు సువార్త, చెరలో ఉన్నవారికి విడుదల. యెరూషలేములో గాడిద మీద ప్రవేశించడాన్ని జెకర్యా ప్రవచన నెరవేర్పుగా మత్తయి, యోహాను చూపారు. పిలాతు ముందు మాత్రం యేసు తన రాజ్యం ఈ లోక సంబంధమైనది కాదని చెప్పాడు.

మరణ పునరుత్థానాల తరువాత కూడా శిష్యులు అడిగిన ప్రశ్న ఇశ్రాయేలుకు రాజ్యం తిరిగి ఎప్పుడు అనే. అపొస్తలుల కార్యములు 1లోని జవాబు కాలాలను తండ్రి అధీనంలో ఉంచి, శిష్యులను సాక్ష్యానికి పంపింది. తరువాతి అధ్యాయంలో పేతురు ప్రసంగం యేసు లేచి దేవుని కుడిపార్శ్వాన కూర్చోవడాన్ని దావీదుకిచ్చిన వాగ్దానంతో ముడిపెడుతుంది. అంటే యేసు ఇప్పటికే దావీదు సింహాసనం మీద ఉన్నాడా, లేక ఆ సింహాసనం ఇంకా యెరూషలేములో ఆయన కోసం వేచి ఉందా? తరువాత వచ్చిన వాదాలన్నీ దాదాపుగా ఇక్కడే చీలిపోతాయి.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం శత్రువులందరూ లోబడేవరకు క్రీస్తు ఏలుతాడని, చివరి శత్రువు మరణమని, ఆపై రాజ్యాన్ని తండ్రికి అప్పగిస్తాడని చెబుతుంది. దీన్నిబట్టి కుమారుని రాజ్యానికి ముగింపు ఉందని 4వ శతాబ్దంలో అంకురకు చెందిన మార్సెల్లస్ బోధించాడని ఆరోపణ వచ్చింది. ఆ బోధకు అడ్డుకట్టగానే ఆయన రాజ్యానికి అంతం లేదన్న మాట క్రీ.శ. 381 నాటి విశ్వాస ప్రమాణంలో చేరింది. నైసీయ ప్రమాణాన్ని ఆరాధనలో చెప్పే లూథరన్, కథోలిక, దక్షిణ ఇండియా (సి.ఎస్.ఐ.) సంఘాలవారు ఇప్పటికీ దాన్ని పలుకుతున్నారు.

ప్రకటన గ్రంథం 20: వెయ్యేండ్ల ప్రశ్న

బైబిలులో వెయ్యేండ్ల పరిపాలనను పేరుపెట్టి చెప్పే భాగం ఇదొక్కటే. 2 నుంచి 7 వరకు వచనాల్లో ఆ కాలపరిమితి ఆరుసార్లు వస్తుంది. సాతాను బంధితుడవుతాడు, హతసాక్షులు బ్రతికి క్రీస్తుతో ఏలుతారు, ఆ కాలం ముగిశాక సాతాను విడుదలై చివరి యుద్ధం జరుగుతుంది, ఆపై తీర్పు. ఈ దృశ్యాన్ని అర్థం చేసుకునే తీరును బట్టి మూడు ప్రధాన వాదాలు ఏర్పడ్డాయి.

పూర్వ సహస్రాబ్ది వాదం ప్రకారం క్రీస్తు ముందు తిరిగి వస్తాడు, తరువాత భూమి మీద వెయ్యేండ్లు ఏలుతాడు. 2వ శతాబ్దంలో పాపియాస్, జస్టిన్, ఇరేనియస్ ఇలా నమ్మారు. నిజ విశ్వాసుల్లో కూడా దీన్ని ఒప్పుకోనివారు ఉన్నారని జస్టిన్ దాపరికం లేకుండా రాశాడు. ఈ వాదానికి బలమైన ఆధారం రెండు పునరుత్థానాల ప్రస్తావన. ఒకే క్రియ ఒకే వాక్యభాగంలో ఒకసారి ఆత్మీయమైన బ్రతుకును, మరోసారి శరీర పునరుత్థానాన్ని సూచించడం కుదరదని 19వ శతాబ్దపు ఆంగ్ల పండితుడు హెన్రీ ఆల్ఫర్డ్ వాదించాడు. రెండో ఆధారం యెషయా 65:20. అక్కడి నూతన కాలంలో ఆయుష్షు ఎంతో పెరుగుతుంది కాని మరణం ఇంకా ఉంది. మరణమే లేని నిత్యత్వానికీ నేటి లోకానికీ మధ్య మరో దశ ఉండాలని దీన్నిబట్టి తేల్చుతారు.

నిర్ సహస్రాబ్ది వాదంలో వెయ్యేండ్లు అనేది సంకేత సంఖ్య. క్రీస్తు మొదటి రాకకూ రెండవ రాకకూ మధ్యనున్న సంఘకాలమే ఆ ఏలుబడి. మొదట పూర్వ సహస్రాబ్ది వాదం వైపు ఉన్న అగస్టీన్ తరువాత మనసు మార్చుకుని ‘దేవుని పట్టణం’ 20వ పుస్తకంలో దీన్ని స్థిరపరిచాడు. ఆ గ్రంథ రచన 413–426 మధ్య సాగింది. పాశ్చాత్య సంఘం వెయ్యి సంవత్సరాలకు పైగా ఆయన దారిలోనే నడిచింది. సాతాను బంధితుడైతే లోకంలో ఇంత చెడు ఎందుకన్న ప్రశ్నకు, జనాంగాలకు సువార్త చేరకుండా అడ్డుకునే శక్తిని మాత్రమే అతడు కోల్పోయాడని ఈ వాదం జవాబు.

ఉత్తర సహస్రాబ్ది వాదం సువార్త వ్యాప్తితో లోకం క్రమంగా నీతిలోకి మారి, ఆ స్వర్ణకాలం చివర క్రీస్తు వస్తాడంటుంది. డేనియల్ విట్‌బీ, జోనాథన్ ఎడ్వర్డ్స్ రచనలతో 18వ శతాబ్దంలో ఇది బలపడింది. 19వ శతాబ్దపు మిషనరీ ఉద్యమానికి చాలావరకు ఇదే ఊపిరి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బాగా తగ్గిపోయింది.

పూర్వ సహస్రాబ్ది వాదంలోనే 1830ల నుంచి బ్రదరెన్ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ బోధతో యుగవిభజన వాదం విడిగా రూపుదిద్దుకుంది. ఇశ్రాయేలు, సంఘం రెండూ దేవుని ప్రణాళికలో వేర్వేరని, సంఘం ముందుగా ఎత్తబడుతుందని, ఏడేండ్ల శ్రమల తరువాత క్రీస్తు వచ్చి యెరూషలేము నుంచి ఏలుతాడని దీని సారాంశం. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు అడుగున ఉన్న వివరణల ద్వారా ఇది ప్రపంచమంతా పాకింది. యెహెజ్కేలు 40–48లోని దేవాలయం, బలులు ఈ వాదానికి కష్టమైన చోటు. క్రీస్తు ఒక్కసారే బలి అయ్యాడని హెబ్రీయులకు రాసిన పత్రిక చెబుతుండగా రాబోయే రాజ్యంలో బలులు ఎందుకు? అవి జ్ఞాపకార్థమేనని కొందరు సమాధానమిస్తారు. డారెల్ బాక్, క్రెయిగ్ బ్లేజింగ్ వంటివారు 1980ల చివర నుంచి దీన్ని సవరించి, క్రీస్తు దావీదు సింహాసనం మీద ఇప్పటికే ఉన్నాడని, భూమి మీది ఏలుబడి ఇంకా రావలసి ఉందని అంటున్నారు. రాజ్యం వచ్చింది, ఇంకా సంపూర్ణం కాలేదు అన్న సూత్రాన్ని 20వ శతాబ్దంలో విస్తృతంగా ప్రచారం చేసినవారిలో బాప్టిస్టు పండితుడు జార్జ్ ఎల్డన్ లాడ్ (1911–1982) ఒకడు. ఆయన యుగవిభజన లేని పూర్వ సహస్రాబ్ది వాది.

తీరానికి చేరిన బోధలు

లూథరన్లు: జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. తెనాలి, రేపల్లె సీమలు గుంటూరు లూథరన్ మిషన్ పరిధిలోకి వచ్చాయి. 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. ఈ సంఘానికి ప్రమాణమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 17వ అధికరణం, మృతుల పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యాన్ని చేజిక్కించుకుంటారన్న అభిప్రాయాన్ని ఖండిస్తుంది. నాలుగేళ్ల తరువాత మున్స్టర్ పట్టణంలో కొత్త యెరూషలేము పేరిట జరిగిన హింసాత్మక ప్రయోగం ఆ ఖండనకు మరింత బలమిచ్చింది. కాబట్టి అధికారిక లూథరన్ బోధలో వెయ్యేండ్ల భౌతిక రాజ్యానికి చోటు లేదు. జర్మన్ భక్తి ఉద్యమంలో మాత్రం వేరే పాయ ఉంది. యోహాన్ బెంగెల్ (1687–1752) లెక్కలు వేసి 1836ను మలుపు సంవత్సరంగా చెప్పాడు.

బాప్టిస్టులు: శామ్యూల్ డే 1836లో భారతదేశం చేరి, 1840లో నెల్లూరులో మిషన్ స్థాపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఐదేళ్లకు, 1883లో, బాపట్ల అమెరికన్ బాప్టిస్టు మిషన్ కేంద్రమైంది. బాప్టిస్టులకు ఈ విషయంలో నిర్బంధ ప్రమాణం లేదు. ఆ మిషన్‌ను నడిపిన అమెరికా సంఘంలోనే రెండు బలమైన గొంతులు ఉండేవి. మిషన్ కార్యనిర్వాహక సంఘ నాయకుడు ఎ.జె. గార్డన్ 1889లో తన పుస్తకంలో పూర్వ సహస్రాబ్ది వాదాన్ని సమర్థించగా, వేదాంతి ఎ.హెచ్. స్ట్రాంగ్ ఉత్తర సహస్రాబ్ది వాదాన్ని బోధించాడు. 1962లో ఏర్పడిన తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశంలోనూ బోధకుని శిక్షణను బట్టి అభిప్రాయం మారుతుంది.

రక్షణ సైన్యం: ఫ్రెడరిక్ టక్కర్ 1882లో బొంబాయిలో దిగడంతో భారతదేశంలో రక్షణ సైన్యం పని మొదలైంది. దాని స్థాపకుడు విలియం బూత్ ఉత్తర సహస్రాబ్ది వాది. 1890లో రాసిన ఒక వ్యాసంలో వెయ్యేండ్ల కాలాన్ని రక్షణ సైన్య సూత్రాల అంతిమ విజయంగా వర్ణించాడు. అదే ఏడాది వచ్చిన ఆయన పుస్తకం పేదలకు వ్యవసాయ నివాసాలను ప్రతిపాదించింది. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురంలో 1910ల్లో ఎరుకలవారి కోసం ఏర్పడిన నివాసాన్ని రక్షణ సైన్యం నడిపింది. సమాజాన్ని చేతులతో మలిచి రాజ్యానికి సిద్ధం చేయవచ్చన్న నమ్మకం ఇందులో ఉంది. కాని ఆ ఊరు నేరస్థ జాతుల చట్టం నీడలో పుట్టింది. హాజరు పట్టీలు, నిఘా, రాకపోకల మీద ఆంక్షలు అక్కడి జీవితంలో భాగం. పుట్టుకతోనే ఒక జాతిని నేరస్థులుగా ముద్రవేసిన చట్టం 1952లో పోయింది, దాని మచ్చ ఆ కుటుంబాల మీద చాలాకాలం నిలిచింది. దీనులకు న్యాయం తీర్చే రాజు గురించిన ప్రవచనానికి ఈ పద్ధతి ఎంత దూరమో చరిత్ర చదివేవారికి కనిపిస్తుంది.

బ్రదరెన్, సహవాసాలు, పెంతెకొస్తు: ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ 1836లో వెంటబెట్టుకొచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ గోదావరి డెల్టాలో నరసాపురం కేంద్రంగా పనిచేశారు. ప్రభువు రాకడ ఎప్పుడైనా జరగవచ్చన్న ఎదురుచూపు తెలుగు నేలకు చేరిన తొలి దారుల్లో ఇది ఒకటి. గ్రోవ్స్ డార్బీకి స్నేహితుడే అయినా అదే ఏడాది రాసిన ఉత్తరంలో అతని ధోరణిని విమర్శించాడు. కాబట్టి గోదావరి బ్రదరెన్‌లను పూర్తిగా డార్బీ శిష్యులుగా లెక్కకట్టకూడదు. 1930ల నుంచి కేరళ బోధకుడు పి.ఎం. శామ్యూల్ ద్వారా ఇండియన్ పెంతెకొస్తు సంఘం, 20వ శతాబ్దం మధ్య నుంచి హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా భక్తసింగ్ (1903–2000) సహవాసాలు కోస్తా అంతటా విస్తరించాయి. సంఘం ఎత్తబడుట, శ్రమల కాలం, క్రీస్తువిరోధి, వెయ్యేండ్ల పరిపాలన అనే వరుస నేడు ఇక్కడి ఉజ్జీవ సభల్లో ఎక్కువగా వినిపించడానికి ఈ ప్రవాహాలే కారణం. లూథరన్, బాప్టిస్టు విశ్వాసుల్లోనూ చాలామంది తమ సంఘ ప్రమాణం కంటే సభల్లో విన్న ఈ వరుసనే నమ్ముతారు.

బైబిల్ మిషన్: లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిల్ మిషన్ స్థాపించారు. 1960లో గుంటూరు దగ్గర కాకానిలో మరణించారు. రెండవ రాకడకు పెండ్లికుమార్తెగా సంఘం సిద్ధపడటం ఆయన బోధకు కేంద్రం. ఏటా జనవరి చివర గుంటూరు సమీపంలో జరిగే మహోత్సవాలకు డెల్టా ఊళ్ల నుంచి జనం కుటుంబాలతో తరలివెళ్తారు. పరాయి మిషన్ ఆధీనంలో లేకుండా తెలుగు నేల మీదే పుట్టి రాకడ బోధను ముందుంచిన ఉద్యమంగా దీనికి విడి అధ్యయనం అవసరం.

కథోలికులు: 1940లో ఏర్పడిన గుంటూరు మేత్రాసనం ఇక్కడి కథోలికులకు కేంద్రం. చరిత్ర లోపలే మెస్సీయ నిరీక్షణ సంపూర్ణమవుతుందన్న వాదాన్ని, దాని మెత్తని రూపాలను కూడా, 1992 నాటి కథోలిక ధర్మోపదేశ గ్రంథం 676వ పేరా తిరస్కరించింది. రాజ్యాన్ని వారు ఆరాధన సంవత్సరంలో జరుపుకుంటారు. 1925లో పదకొండవ భక్తినాథ పోపు స్థాపించిన క్రీస్తురాజు పండుగ ఇప్పుడు ఆ సంవత్సరపు చివరి ఆదివారం వస్తుంది.

సెవెంత్‌డే అడ్వెంటిస్టుల వాదం వీటికి భిన్నం. వెయ్యేండ్లు భక్తులు పరలోకంలో ఉంటారని, ఆ కాలమంతా భూమి పాడుబడి ఉంటుందని వారి బోధ.

వ్యాఖ్యాన సూత్రాలు

ఈ భేదాలకు అడుగున నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. ప్రవచనంలోని ఇశ్రాయేలు, సీయోను, సింహాసనం అక్షరార్థమా, సంఘానికి ముందుగుర్తులా? ఆమోసు 9లోని పడిపోయిన దావీదు గుడారం తిరిగి లేవడాన్ని అపొస్తలుల కార్యములు 15లో యాకోబు అన్యజనులు సంఘంలో చేరడానికి అన్వయించాడు. ముందుగుర్తులనేవారికి ఇది పెద్ద ఆధారం. రెండోది షరతుల ప్రశ్న: దావీదుకిచ్చిన వాగ్దానం ఏ షరతూ లేనిదా? 89వ కీర్తన నిత్య నిబంధనను పొగిడి, వెంటనే అది భగ్నమైందని విలపిస్తుంది. మూడోది కాలదృష్టి. దూరం నుంచి చూసేవారికి రెండు కొండలు ఒకటిగా కనిపించినట్లు ప్రవక్తలు రెండు రాకలను కలిపి చూశారని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. నాలుగోది ప్రవచన దినాన్ని సంవత్సరంగా లెక్కించవచ్చా అన్నది. దానియేలు 9లోని డెబ్బై వారాల లెక్కలు చాలావరకు ఈ ప్రశ్నతో ముడిపడినవే.

సముద్రం, సూచనలు, కాలనిర్ణయం

తీరప్రాంతంలో ఈ ప్రవచనాలకు మరో పార్శ్వం ఉంది. దానియేలు 7లో మృగాలు సముద్రం నుంచి పైకి వస్తాయి. ప్రకటన 21లో కొత్త భూమి మీద సముద్రం ఉండదు. హెబ్రీ సాహిత్యంలో సముద్రం తరచుగా అల్లకల్లోలానికి ప్రతీక కాబట్టి దీన్ని చెడు అంతరించడంగా వ్యాఖ్యాతలు చదువుతారు. యెషయా 11లో మాత్రం అదే సముద్రం దేవుని జ్ఞానం నిండుగా పరుచుకోవడానికి పోలిక అవుతుంది. సముద్రం మీద బతికే పల్లెలకు వాక్యం చెప్పేవారు ఈ రెండిటినీ కలిపి వివరించడం మంచిది.

లూకా 21 సముద్ర ఘోషను అంత్యకాల సూచనల్లో చేర్చింది. 1977 నవంబరు 19న తుపాను, ఉప్పెన కృష్ణా ముఖద్వారానికి రెండు వైపులా ఊళ్లను ముంచెత్తి దివిసీమ, రేపల్లె, బాపట్ల ప్రాంతాలను దెబ్బతీశాయి. మరణాలు పది వేలకు తగ్గవు. 2004 డిసెంబరు 26న సునామీ ఇదే తీరాన్ని తాకింది. ఇలాంటి విపత్తులను రాకడ గుర్తులుగా బోధించడం సాధారణమే. కాని మత్తయి 24 యుద్ధాలనూ కరవులనూ భూకంపాలనూ వేదనలకు ఆరంభమని చెప్పి, ఆ దినం ఎవరికీ తెలియదని స్పష్టం చేస్తుంది. చనిపోయినవారిని శిక్ష పొందినవారిగా చూడటానికి లూకా 13లోని సిలోయము గోపురం మాట అడ్డు నిలుస్తుంది. గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది ఇతరుల కంటే పాపులు కారని యేసు అక్కడ చెప్పాడు. విపత్తు తరువాత బోధ చేసే ఎవరైనా ముందు చదవవలసిన భాగం ఇది.

తేదీలు చెప్పడం కొత్త కాదు. బెంగెల్ చెప్పిన 1836 గడిచింది. విలియం మిల్లర్ అనుచరులు నమ్మిన 1844 అక్టోబరు 22 కూడా గడిచింది. 1948 మే 14న ఇజ్రాయెల్ రాజ్య స్థాపన యుగవిభజన వాదులకు ప్రవచన నెరవేర్పుగా కనిపించింది. 1970లో హాల్ లిండ్సే పుస్తకం ఆ ఊహలను లక్షలాది ఇళ్లకు చేర్చింది. 2009లో పాలస్తీనా క్రైస్తవులు వెలువరించిన కైరోస్ పత్రం, తమ భూమిని తీసుకోవడానికి ప్రవచనాన్ని ఆసరాగా వాడటాన్ని వ్యతిరేకించింది.

రాజ్యం, న్యాయం, దళిత వేదాంతం

1985 జులై 17న చీరాల దగ్గరి కారంచేడులో, 1991 ఆగస్టు 6న తెనాలి సీమలోని చుండూరులో దళితుల మీద దాడులు జరిగాయి. చుండూరులో 8 మందిని చంపారు. కారంచేడు తరువాత చీరాలలో దళిత మహాసభ ఏర్పడింది. ఈ పల్లెల దళితవాడల్లో క్రైస్తవ కుటుంబాలు గణనీయం. తెలుగు డెల్టాలో రాజ్య ప్రవచనాల చర్చ ఈ ఊళ్ల పేర్లు ఎత్తకుండా పూర్తికాదు.

అరవింద్ పి. నిర్మల్ 1980ల్లో ప్రారంభించిన దళిత వేదాంతం నజరేతు ప్రకటనను దళితుల కోసం వెలువడిన ప్రకటనగా, యెషయా 53లోని సేవకుణ్ణి దళితుల బాధలో భాగస్వామిగా చదివింది. 1982లో కె. విల్సన్ హైదరాబాదు నుంచి ప్రచురించిన పుస్తకం, దళిత క్రైస్తవులు సమాజంలోనూ సంఘంలోనూ రెండుసార్లు వెలి అయ్యారని వాదించింది. రాబోయే రాజ్యం మీది ఆశ ఇప్పటి అన్యాయాన్ని సహించడానికి సాకు అవుతుందన్నది ఈ వైపు నుంచి వచ్చే విమర్శ. జర్మన్ వేదాంతి యుర్గెన్ మోల్ట్‌మాన్ 1964లోనే నిరీక్షణను వర్తమానాన్ని ప్రశ్నించే శక్తిగా నిలబెట్టాడు. దీనికి సంప్రదాయవాదుల జవాబు కూడా తీసిపారేయదగింది కాదు. తీర్పు తప్పక వస్తుందన్న నమ్మకమే కోర్టుల్లో న్యాయం దొరకనివారిని నిలబెట్టిందని వారంటారు. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసింది.

ఆరాధనలో రాజ్య ప్రవచనాలు

లూథరన్, కథోలిక సంఘాల్లో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. యెషయా, మీకా పాఠాలు అప్పుడు చదువుతారు. మట్టల ఆదివారం జెకర్యా 9 వస్తుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల రచనలు డిసెంబరు నెలంతా తెనాలి, రేపల్లె మందిరాల్లో వినిపిస్తాయి. సభల్లో యువజనులు పాడే కొత్త పాటల్లో రాకడ ప్రధానాంశం.

పొరుగున ఉన్న మరో నిరీక్షణ

తెనాలికి దగ్గరలో చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం ఉంది. మాదిగ నేపథ్యం గల ఈ కుటుంబాల పూర్వులు క్రైస్తవులు. తాము ఇశ్రాయేలులో తప్పిపోయిన ఎఫ్రాయిము గోత్రికులమని చెప్పుకుంటూ 1980ల చివర నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నారు, 1991లో సమాజ మందిరం ఏర్పరచుకున్నారు. వారి మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన అధ్యయనం 2013లో వెలువడింది. చెదరిపోయిన గోత్రాల సమకూర్పు యెహెజ్కేలు 37లో దావీదు రాజ్య వాగ్దానంతో కలిసే వస్తుంది. అందులో ఎఫ్రాయిము పేరు కూడా ఉంది.

యూదు మతం ప్రకారం మెస్సీయ ఇంకా రాలేదు. 12వ శతాబ్దపు మైమొనిడెస్ చెప్పిన పదమూడు విశ్వాస సూత్రాల్లో ఆయన రాక కోసం ఎదురుచూడటం ఒకటి. యుద్ధాలు ఆగలేదు, గోత్రాలు సమకూడలేదు కాబట్టి యెషయా 2, 11 అధ్యాయాలు నెరవేరలేదన్నది వారి అభ్యంతరం. క్రైస్తవ మతశాఖలు దీనికి మూడు తీరుల్లో బదులిస్తాయి: రెండవ రాకడలో నెరవేరతాయని, సంఘంలో ఆత్మీయంగా నెరవేరుతున్నాయని, సువార్త విజయంతో క్రమంగా నెరవేరతాయని. రోమీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయంలో పౌలు ఇశ్రాయేలు రక్షణ పొందుతుందని చెప్పి, దాన్ని మర్మమన్నాడు.